అమలమ్మ ఫోను కట్టేసిన ఎనిమిది రోజులు

లూర్దుపేటలో ఒక మాట ఉంది. "అమలక్క గుమ్మంలోకి రాలేదంటే ఆరోగ్యం బాగున్నట్టే."

కంకిపాడు నుంచి కాలువ గట్టు పట్టుకుని మూడు కిలోమీటర్లు వెళితే ఆ పేట వస్తుంది. అమలమ్మ అక్కడ పంతొమ్మిదేళ్లుగా ప్రభుత్వ నర్సు. కాంట్రాక్టు నర్సు అనాలి. ఏటా మార్చి నెలాఖరున ఆమె ఉద్యోగం ఒకసారి చచ్చి, ఏప్రిల్లో ఎవరో సంతకం పెడితే మళ్లీ బతుకుతుంది. ఈ పంతొమ్మిదేళ్లలో ఆమె నిశ్చింతగా నిద్రపోయిన మార్చి లేదు. అసలు మనిషే భయస్తురాలు. పై అధికారి దగ్గినా తనను చూసే దగ్గాడనుకుంటుంది. పసిబిడ్డ తొడకు సూది వేసేటప్పుడు మాత్రం ఆ చెయ్యి వణకడం ఎవరూ చూడలేదు.

ఆ మాట ఎలా పుట్టిందో తెలియాలంటే ఆమె ఫోను సంగతి చెప్పాలి.

మూడేళ్ల కిందట ప్రతి మనిషికీ ఒక డిజిటల్ ఆరోగ్య కార్డు ఇస్తామన్నారు. రక్తపరీక్షలు, మందుల చీటీలు, స్కానింగులు అన్నీ ఆ కార్డులోకి ఎక్కుతాయి. ఫలితం వచ్చిన వెంటనే మనిషి ఫోనుకు కబురు వస్తుంది. ఇక కాగితాలు సంచిలో వేసుకుని తిరగక్కర్లేదు. వినడానికి ఎంత సొగసుగా ఉందో చూడండి. కార్డు పుట్టాలంటే ఒక ఫోను నంబరు ఇవ్వాలి, ఆ నంబరుకు ఓటీపీ వస్తుంది, పది నిమిషాల్లో దాన్ని కొట్టాలి. లూర్దుపేటలో సగం ఇళ్లలో ఫోనే లేదు. ఉన్న ఇళ్లలో అది మగవాడి జేబులో ఉంటుంది, ఆ మగవాడు ఆటోనగర్లో ఏ లారీ కిందో ఉంటాడు. ఈ సంగతి పైవాళ్లతో చెబితే, "కథలు చెప్పకమ్మా, టార్గెట్ చూడు" అన్నారు. నెలాఖరుకు కార్డులు కాకపోతే జీతం ఆపుతామన్నారు.

జీతం ఆపుతామంటే అమలమ్మ ఆగుతుందా. ఇంటింటికీ వెళ్లి గడపలో కూర్చుని, ఫోను లేని ప్రతి మనిషి కార్డుకూ తన నంబరే ఇచ్చేసింది. ఓటీపీ తనకే వచ్చేది, తనే కొట్టేది. అలా ఆరు వందల పద్దెనిమిది మందికి చేసింది. ఇదేమిటని ఆ కార్డుల యాప్ ఒక్కసారి కూడా అడగలేదు. పైవాళ్లూ అడగలేదు. పైగా మండల మీటింగులో ఆమెకు ఒక శాలువా కప్పారు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఆరు వందల పద్దెనిమిది మందికి రావలసిన కబుర్లు ఒక్క ఫోనుకే రావడం మొదలుపెట్టాయి. పప్పు తిరగమోత వేస్తుంటే గుంయ్. గుడిలో మోకాళ్ల మీద ఉంటే గుంయ్. మరియదాసుకు షుగరు పెరిగింది. శౌరమ్మకు కంటి ఆపరేషను తేదీ ఇచ్చారు. అమలమ్మ చదువుకునేది, చెప్పులు వేసుకునేది, వెళ్లి చెప్పి వచ్చేది. చెయ్యమని ఎవరూ అనలేదు, చేసినందుకు ఎవరూ రూపాయి ఇవ్వలేదు. క్రమంగా ఆమె గడపలో కనబడితే చాలు, మనుషులు చేతిలో పని వదిలి లేచి నిలబడసాగారు. కనబడకపోతే హాయిగా ఉండేవారు.

ఈ ఏడు జూలైలో, ఒక మంగళవారం, అమలమ్మ వినీలకు రక్తం తీసింది. వినీల నాట్లు వేసే కూలి మనిషి. ఇరవై మూడేళ్లది, రెండో కాన్పు, తొమ్మిదో నెల వచ్చింది. కనురెప్ప కిందికి లాగి చూస్తే ఎరుపు సరిగా కనబడలేదు.

"రెండు మూడు రోజుల్లో రిజల్టు వస్తుంది. తేడా ఉంటే నేనే వచ్చి చెప్తా" అంది అమలమ్మ.

"నాట్లు మొదలయ్యాయక్కా. నాలుగు రోజులు వెళ్లి రానా?"

"ముందు రిజల్టు రానియ్యి."

"మీరు రాకపోతే బాగున్నట్టేగా" అని వినీల నవ్వింది. అమలమ్మ కూడా నవ్వి, ట్యూబు మీద పేరు రాసి డబ్బాలో పెట్టుకుంది.

మర్నాడు బుధవారం విజయవాడ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. కార్డుల పథకం చూసే ప్రోగ్రాం ఆఫీసరు గారు ఆమెను కూర్చోమనలేదు. ఒక కాగితం ముందుకు తోశారు.

"ఈ నంబరు నీదేనా?"

"అవునండి."

సంగతి ఇది. ప్రభుత్వం ఖర్చుపెట్టిన డబ్బు సరిగా ఖర్చయిందా అని నిలదీసే కమిటీ ఒకటి శాసనసభలో ఉంటుంది. ఎమ్మెల్యేలే అందులో సభ్యులు. ఈసారి వాళ్లు డిజిటల్ కార్డుల ఖర్చు ముందు వేసుకున్నారు. కార్డులు చేసిపెట్టినందుకు ఒక కంపెనీకి కార్డు లెక్కన కోట్లు ఇచ్చారు. ఆడిట్ వాళ్లు ఆ జాబితా తవ్వి, ఒక వరుస కింద ఎర్రగీత గీశారు. ఒకే ఫోను నంబరు మీద ఆరు వందల పద్దెనిమిది కార్డులున్నాయి, ఈ మనుషులు అసలు ఉన్నారా అని అడిగారు.

"కమిటీ వచ్చే గురువారం బెంజ్ సర్కిల్ దగ్గర మన బిల్డింగులోనే కూర్చుంటుంది. నువ్వు రావాలి" అన్నారు ఆఫీసరు గారు. తర్వాత టైపు చేసి ఉంచిన ఇంకో కాగితం తీశారు. "ఇది ఇంటికి తీసుకెళ్లి సంతకం పెట్టి తే. పై అధికారులకు తెలియకుండా నీ అంతట నువ్వే చేశావని. ఒక మెమోతో పోతుంది. పెట్టలేదనుకో, దొంగ కార్డుల కేసు అవుతుంది, పోలీసుల దాకా పోతుంది. అప్పటిదాకా ఫీల్డుకి వెళ్లకు. ఎవరితోనూ మాట్లాడకు."

అమలమ్మ ఆ కాగితం సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకుంది. బస్సులో కండక్టరు టికెట్ అడిగితే ఆ గొంతుకే ఉలిక్కిపడింది.

సాయంత్రం ఒక తెలియని నంబరు నుంచి ఫోను. కంపెనీ తాలూకు మనిషిట. మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, ఆ కార్డులు మీరు చేశారని మాత్రం చెప్పకండి. మా ఆపరేటర్లు వచ్చి చేశారని చెప్పండి. బిల్లు మేము తీసుకున్నాం కదా." ఆ మనిషి అదే మర్యాదతో, "మీ అమ్మాయి కీర్తన విజయవాడలోనే కదండీ చదివేది, ఏడున్నర బస్సుకి వెళ్తుంది" అని పెట్టేశాడు.

ఒకరు నువ్వే చేశావని రాయమంటారు, ఒకరు నువ్వు చెయ్యలేదని చెప్పమంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెంటికీ మధ్య కూతురు పేరు. అమలమ్మ వంటింట్లో నేల మీద కూలబడిపోయింది. ఫోను మళ్లీ మోగింది. మళ్లీ మోగింది.

ఆమె భర్త జాన్సన్ ఆటోనగర్లో లారీలకు బాడీ కట్టే షెడ్డులో వెల్డరు. పనిలోంచి వచ్చి సంగతి విని, ఫోను తీసుకుని కట్టేశాడు.

"మెసేజీలు వస్తుంటాయండి. జనం కబుర్లు" అంది అమలమ్మ.

"నువ్వు జైలుకెళ్తే ఆ జనం వచ్చి నీకు క్యారేజీ ఇస్తారా?"

అతను ఫోను బీరువాలో చీరల కింద పెట్టి తలుపు వేశాడు. ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆ తలుపు మూసుకున్న చప్పుడికి అమలమ్మకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేం. మూడేళ్లలో మొదటిసారి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఫలితాలు ఎలాగూ ఆసుపత్రి కంప్యూటరుకు కూడా వస్తాయి, డాక్టరు గారు చూసుకుంటారు అని తనకు తాను చెప్పుకుంది. ఆ కంప్యూటరు పాస్‌వర్డు తెలిసినవాడు బదిలీ అయి వెళ్లాడనీ, నాలుగు నెలలుగా దాని మీద కప్పిన గుడ్డ ఎవరూ తియ్యలేదనీ ఆమెకు తెలుసు. తెలిసీ చెప్పుకుంది.

ఆ ఎనిమిది రోజులు ఆమె బతికిన బతుకు బతుకు కాదు. వీధిలో జీపు చప్పుడైతే పెరట్లోకి వెళ్లిపోయేది. కీర్తనను కాలేజీ మాన్పించింది. అన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చి కంచంలో పెట్టేసేది. పంతొమ్మిదేళ్లలో తను చేసిన ప్రతి పనీ ఎవరో లైటు వేసి వెతుకుతున్నట్టుండేది. దొంగతనం చెయ్యని మనిషికి కూడా దొంగ ముఖం వస్తుందని అద్దంలో చూసుకుని తెలుసుకుంది. కమిటీకి ముందురోజు బుధవారం, ఇక తట్టుకోలేక, ఆఫీసరు గారి కాగితం మీద సంతకం పెట్టేసింది.

గురువారం పొద్దున కమిటీ ముందుకు వెళ్లేటప్పటికి ఆమె సంచిలో ఆ కాగితం, ఆధార్ కార్డు, కట్టేసిన ఫోను ఉన్నాయి. పొడుగాటి బల్లకు అటువైపు ఆరుగురు ఎమ్మెల్యేలు, వాళ్లలో మధ్యన కూర్చున్నది అధ్యక్షురాలు పద్మావతమ్మ. ఇటువైపు ఆఫీసర్లు. మూల కుర్చీలో కంపెనీ తాలూకు సూటు.

"కూర్చోమ్మా. భయపడకు" అంది పద్మావతమ్మ. పెద్దవాళ్లు భయపడకు అన్నప్పుడే భయపడాలని అమలమ్మ అనుభవం. కూర్చుంది గానీ కుర్చీ అంచు మీదే కూర్చుంది.

"నీ దగ్గరున్న కాగితాలు ఇటివ్వు."

అమలమ్మ భయంలో ఏది ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో చూసుకోలేదు. సంచిలో ఉన్నవన్నీ తీసి బల్ల మీద పెట్టేసింది. ఆఫీసరు గారు సగం లేచి మళ్లీ కూర్చున్నారు. పద్మావతమ్మ టైపు కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఇది నువ్వు రాశావా?"

"సారు ఇచ్చారండి. సంతకం నాదేనండి."

"మేడం, ఆవిడ కాంట్రాక్టు స్టాఫ్, ఆవిడకి అంతగా…" అన్నారు ఆఫీసరు గారు.

"నేను మిమ్మల్ని అడగలేదండి." పద్మావతమ్మ ఫోను వైపు చూపించింది. "ఆ నంబరు ఇందులోదేనా? ఎందుకు కట్టేశావు?"

"భయమేసిందండి."

"ఆన్ చెయ్యి."

ఆన్ చేసింది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత బల్ల మీద ఆ ఫోను గుంయ్‌మంది. మళ్లీ, మళ్లీ. ఆగకుండా బల్ల చెక్క మీద కొంచెం కొంచెం జరుగుతూ మోగింది. గదిలో అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఆగేసరికి నూట నలభై ఒక్క మెసేజీలు ఉన్నాయి.

పద్మావతమ్మ ఫోను అందుకుని కళ్లజోడు సర్దుకుంది. "ఈ మనుషులు ఉన్నారో లేదో ఇప్పుడే తేలుద్దాం. మరియదాసు. ఎవరీయన?"

"గుడి వెనకిల్లండి. కుడికాలి బొటనవేలు తీసేశారండి. మందులు వాళ్లావిడ దాచి ఇస్తుంది. ఆయన చేతికిస్తే రెండు రోజులవి ఒకేసారి మింగేస్తాడండి."

"శౌరమ్మ."

"ఇద్దరున్నారండి. కన్ను శౌరమ్మా, మోకాళ్ల శౌరమ్మా?"

ఎమ్మెల్యేల్లో ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. "జమీలా" అంది పద్మావతమ్మ. "కిరాణా కొట్టు బడే మియా గారి కోడలండి, థైరాయిడు" అంది అమలమ్మ. అలా పన్నెండు మందిని అడిగింది. పన్నెండు మందికీ ఇల్లు, జబ్బు, ఇంట్లో ఎవరితో పడదో కూడా వచ్చింది. చెబుతున్నకొద్దీ అమలమ్మ గొంతు తేరుకుంది. కుర్చీలో కొంచెం వెనక్కి కూడా జరిగింది.

పద్మావతమ్మ ఆఫీసర్ల వైపు తిరిగింది. "కబురు రోగి చేతికి చేర్చడానికి ఇన్ని కోట్లయిందని మీ నోటులో రాశారు. చేరింది ఈవిడ సంచి దాకా. అక్కణ్ణుంచి ఈవిడ కాళ్ల మీద వెళ్లింది. ఆ కాళ్లకు ఎంతిచ్చారో ఏ పేజీలో ఉందండీ?"

ఆఫీసరు గారు ఫైలు తిరగేశారు. కంపెనీ సూటు నీళ్లు తాగాడు. ఎనిమిది రోజుల తర్వాత అమలమ్మకు ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లింది.

"ఇంకొక్కటి" అని పద్మావతమ్మ వేలితో తెర జరిపింది. "వినీల. హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ ఎనిమిది. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఈ అమ్మాయెవరు?"

అమలమ్మ మళ్లీ కుర్చీ అంచుకు జరిగింది.

"ఏమ్మా, తెలియదా?"

"ఏ రోజు వచ్చిందండి అది?"

"శుక్రవారం."

ఆమె లేచి నిలబడింది. కూర్చోమని ఆఫీసరు గారు కసిరారు. ఆమెకు వినబడలేదు. "నేను వెళ్లాలండి. తొమ్మిదో నెలండి. రక్తం అయిదు కూడా లేదండి. నన్నేం చేస్తారో తర్వాత చెయ్యండి." అంటూనే పద్మావతమ్మ చేతిలోంచి ఫోను తీసుకుని బడే మియాకు కలిపింది. ఒక అధ్యక్షురాలి చేతిలోంచి వస్తువు లాక్కోవడం మామూలప్పుడైతే ఆమె కలలో కూడా చెయ్యలేని పని.

"వినీలా? పొద్దున్నే నాట్లకెళ్లింది కదమ్మా" అన్నాడు బడే మియా. "సోమవారం నుంచి వెళ్తోందిగా. ఏం, ఏమైనా వచ్చిందా?"

"మియా గారూ, మీకు దణ్ణం పెడతా. ఎవర్నైనా పంపి ఆ పిల్లని గట్టు మీద కూర్చోబెట్టండి."

పద్మావతమ్మ లేచింది. తన కారు ఇచ్చి పంపింది.

పటమట దాటింది, ఆటోనగర్ దాటింది. పోరంకి దగ్గర ట్రాక్టర్లు అడ్డం. అమలమ్మ ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ భయం అంటే ఏమిటో తనకు తెలుసనుకుంది. మెమోలు, పోలీసులు, జైలు, అవన్నీ ఇప్పుడు గుర్తుకు కూడా రావడం లేదు. నర్సు కాబట్టి ఆమెకు తెలిసిన సంగతి ఒకటుంది. అంత తక్కువ రక్తం ఉన్న మనిషి కాన్పులో కొంచెం పోగొట్టుకున్నా చాలు. అందులోనూ నడుం వంచి బురదలో నాలుగు రోజులు. నొప్పులు పొలంలోనే మొదలైతే? ప్రభువా, నేను జైలుకెళ్తాను, ఆ పిల్లని ఉంచు అని పైకే అనేసింది. డ్రైవరు అద్దంలో చూసి వేగం పెంచాడు.

వినీల గట్టు మీద కూర్చుని ఉంది. మోకాళ్ల దాకా బురద, తల మీద తువ్వాలు, పెదాలు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి. పక్కన కూలీలు నిలబడి ఉన్నారు. కారులోంచి అమలమ్మ దిగడం చూసి ఆ పిల్ల ముఖం అప్పుడు మారింది.

"అక్కా, మీరొచ్చారేంటి? ఏమొచ్చింది?"

అమలమ్మ ఆమెను రెండు చేతుల మధ్య పట్టుకుని కారెక్కించింది. దారి పొడవునా మణికట్టు వదల్లేదు.

పెద్దాసుపత్రిలో మూడు సీసాల రక్తం ఎక్కించారు. శనివారం ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోలు. ఇద్దరూ దక్కారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ అమలమ్మతో అంది. సమయానికి తెచ్చావని మెచ్చుకుంది కూడా. ఆ మెచ్చుకోలు అమలమ్మకు ముల్లులా దిగింది.

నాలుగు నెలలకు కమిటీ నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది. ఆరు వందల పద్దెనిమిది మందీ నిజం మనుషులేనని, నర్సు తప్పేమీ లేదని, చెయ్యని పనికి తీసుకున్న సొమ్ము కంపెనీ వెనక్కి ఇవ్వాలని అందులో రాశారు. ఆఫీసరు గారు ఇంకో ఆఫీసుకు ఆఫీసరు గారయ్యారు. జాన్సన్ పేపరు పట్టుకొచ్చి ఆ ముక్క రెండుసార్లు చదివి వినిపించాడు. అమలమ్మ పేపరంతా వెతికింది. బీరువా సంగతి ఎక్కడా లేదు. తను చెయ్యని తప్పుకు ఆరుగురు కూర్చుని విచారించారు, చేసిన తప్పును ఒక్కరూ అడగలేదు.

ఆ సాయంత్రమే లూర్దుపేట వెళ్లింది. వినీల గుమ్మంలో బిడ్డకు పాలిస్తోంది. అమలమ్మను చూడగానే అలవాటుగా లేవబోయింది.

"ఏం రాలేదే, కూర్చో" అంది అమలమ్మ. తనూ గడప మీద కూర్చుంది. చెప్పుల వైపు చూస్తూ చెప్పింది. "వినీలా, నీ రిజల్టు శుక్రవారమే వచ్చింది. నేను ఫోను కట్టేసి బీరువాలో పెట్టుకున్నా. నా ఉద్యోగం పోతుందని భయమేసి."

వినీల బిడ్డ తల మీద కొంగు సర్దింది. కోపం రాలేదు ఆ ముఖంలోకి. వచ్చినా బాగుండేది.

"శనివారం దాకా ఎదురుచూశానక్కా. మీరు రాలేదు. అమ్మయ్య అనుకుని ఆదివారం గుడికెళ్లి, అమలక్క రాలేదు ప్రభువా, నీకు స్తోత్రం అని కొవ్వొత్తి వెలిగించి వచ్చా. సోమవారం నాట్లకెళ్లా."

బిడ్డను ఒకసారి ఇలా ఇవ్వమని అడగాలని వచ్చింది అమలమ్మ. అడగడానికి నోరు రాలేదు.